అరువు దూడ

ఆ వీధిలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. చిన్నా పెద్దా అందరికీ ఆమె మెత్తచెయ్యే. వయసులో చిన్నవాళ్లు ‘మెత్తచేతి అక్క’ అనేవాళ్లు. మొగుడు మాత్రం కోపమొచ్చినప్పుడు, “ఆవులకే మెత్తన, నాకు మొట్టికాయే” అని అరుగు మీద కూర్చుని నలుగురికీ వినపడేలా అనేవాడు.

ఎంత మొండి ఆవైనా ఆమె పొదుగు కింద కూర్చుని చెయ్యి వేస్తే చేపేది. చేపడమంటే తెలియనివాళ్లకి ఒక మాట చెప్పాలి. పాలు మనం పిండితే వచ్చేవి కావు, ఆవు ఇస్తే వచ్చేవి. దూడ మూతి తగిలో, నమ్మిన చెయ్యి తగిలో తల్లి మనసు కరిగితే పాలు రొమ్ముల్లోకి దిగుతాయి. కరగకపోతే పైకి ఎగదీసుకుని నిలబడుతుంది, తలకిందులుగా తపస్సు చేసినా చుక్క రాలదు. దానికి మందుసూది పొడిచి దించుకునే పెద్దమనుషులున్నారు. మెత్తచెయ్యి ఆ సూదిని ఇంట్లో అడుగు పెట్టనివ్వలేదు. కొత్తకోడలిగా వచ్చినప్పుడు అత్త నేర్పిన పాఠం ఒక్కటే: “దూడ కడుపు చూసి చెంబు పట్టుకో.” అత్త చేతి దెబ్బలు మర్చిపోయింది గానీ ఆ మాట మర్చిపోలేదు.

వీధి చివర పాలకేంద్రం. అక్కడ పోసిన పాలు లారీలో పొడి ఫ్యాక్టరీకి పోతాయి. ఆ పొడి ఇంకెక్కడికో పోయి పసిపిల్లల డబ్బాల్లోకి, చాక్లెట్లలోకి, బిస్కెట్లలోకి చేరుతుంది. కొన్నేళ్ల కిందట ఆ డబ్బాలు కొనే తల్లులెవరో అడిగారట: ఈ పాలు ఏ ఆవువి, దాని దూడ ఏమైంది అని. అడగడం తప్పు కాదు, అడగాల్సిందే. కాని ఆ ప్రశ్న పెద్ద కంపెనీ గుమ్మం దాటి, ఫ్యాక్టరీ గేటు దాటి, ఈ సందులోకి వచ్చేసరికి ప్రశ్నగా మిగల్లేదు. షరతుగా మారింది. సూదులు వెయ్యకూడదు. పేడనీళ్లు కాలవలోకి వదలకూడదు. దూడని మూడు నెలలు తల్లి నుంచి విడదీయకూడదు. ఇవన్నీ పాటించినవాళ్ల పాలకి వేరే ట్యాంకు, పచ్చ మూతది. ధర కాస్త మెరుగు. మిగతావాళ్లకి పక్కనే మామూలు ట్యాంకు.

ఆ షరతులు చదివి వినిపించిన మీటింగులో ఆడవాళ్లంతా దిక్కులు చూస్తుంటే మెత్తచెయ్యి లేచి, “ఇందులో కొత్తేముంది సార్? దూడ తాగాకే మనం. మా అత్త చెప్పిందీ అదే” అంది. హాలంతా చప్పట్లు. ఫ్యాక్టరీ సూపర్‌వైజరు ఆ మాటని పట్టుకుపోయి బోర్డు రాయించాడు. దూడ తాగాకే మనం. తర్వాత అదే మాట పొడి సంచుల మీద కూడా అచ్చయింది. ఆమె చదువుకున్నది తక్కువే గాని, ఆ అక్షరాలు మాత్రం ఎంత దూరం నుంచైనా గుర్తుపట్టేది.

ఆ మాట మీద ఆమె కొన్నాళ్లు నిలబడింది కూడా. అబద్ధం చెప్పి లాభం లేదు, ఆ తర్వాత జారింది.

పెయ్యదూడ పుడితే రేపటి ఆవు. కోడెదూడ పుడితే? ట్రాక్టర్లొచ్చాక దాని మెడకి పని పోయింది. దాని నోటికి మాత్రం పని పోలేదు. మూడు నెలలు అది తాగే పాలు ఎవరి ఖాతా? షరతు రాసినవాళ్లు ఆ మాట దగ్గర కలం ఎత్తేశారు. అందుకే వీధిలో చాలామంది కోడె పుట్టిన వారం లోపే బేరగాడి ఆటో ఎక్కించేసి, ‘జబ్బు చేసి పోయింది’ అని ముక్కు చీదేవాళ్లు. అటు చూసి సూపర్‌వైజరు ‘అయ్యో’ అనేవాడు. పాలు పచ్చమూతలోకే పోయేవి. అందరికీ తెలిసిన అబద్ధానికి కాపలా అక్కర్లేదు.

ఆ ఎండాకాలం గడ్డి దొరకలేదు. మొగుడు తుంటి జారి మంచాన పడ్డాడు. అప్పుడే తెల్లావు ఈనింది. కోడె. మెత్తచెయ్యి దాన్ని గోనెసంచితో తుడిచి, ముర్రుపాలు తాగించి, మూతి మీద ముద్దు కూడా పెట్టుకుంది. అయినా ఆటో పిలిపించింది తనే. దూడని ఎక్కిస్తూ, “నాలుగు రోజులు కళ్లు మూసుకుంటే అదే మర్చిపోతుందిలే” అంది. తల్లి గురించి అన్నదో తన గురించి అన్నదో అప్పుడు ఆలోచించుకోలేదు.

ఆవు మర్చిపోలేదు. గుమ్మం వైపు మొహం పెట్టి నిలబడేది. పాలు మాత్రం ఇచ్చేది. ఆ చెయ్యి మీది నమ్మకం అలాంటిది.

సరిగ్గా ఆ వారంలోనే సూపర్‌వైజరు బండి ఆమె గుమ్మం ముందు ఆగింది.

“అమ్మా, రేపు పొద్దున్న మన పొడి కొనే కంపెనీవాళ్లు వస్తున్నారు. కొట్టాలు చూస్తారట. నేను మీ పేరే చెప్పా.”

“నా పేరెందుకు సార్, ఇంతమంది ఉండగా?”

“బోర్డు మీద మాట ఎవరిది? మీదేగా. తల్లి, దూడ కలిసి ఉన్న ఫోటో కావాలంటున్నారు. అది బాగుంటే ఒప్పందం ఇంకో మూడేళ్లు. బాగోకపోతే పచ్చమూత ట్యాంకు ఎత్తేస్తారు. వీధి మొత్తం మామూలు పాలే.” అతను కొట్టంలోకి తొంగి చూడబోయి, చూడకుండానే వెనక్కి తిరిగాడు. “దూడ ఉందిగా?”

“ఉంది” అంది మెత్తచెయ్యి.

ఆ రెండక్షరాలు నోట్లోంచి ఎంత సులువుగా వచ్చాయో ఆమెకే ఆశ్చర్యం వేసింది.

సాయంత్రం తోడికోడలి ఇంటికి వెళ్లింది. ఆమె మరిది భార్య. మరిది లారీ మీద తిరుగుతుంటాడు, ఇంట్లో ఉండేది అమావాస్యకో పున్నానికో. వాళ్లకున్నది ఒకటే ఆవు, ఎర్రావు. దానికీ ఆ వారమే కోడె పుట్టింది. అది తల్లి పక్కనే గంతులు వేస్తోంది.

“ఏంటక్కా, దారి తప్పావా?” అంది తోడికోడలు పేడ ఎత్తుతూనే.

“పనుల్లో తీరిక ఎక్కడుంది చెప్పు.”

“కూర్చో, పీట లాక్కో.”

“కూర్చోను గానీ... రేపు పొద్దున్న నీ దూడనోసారి పంపుతావా? ఒక్క పూటే.”

“ఎక్కడికి?”

“మా కొట్టంలోకే.”

తోడికోడలు పేడతట్ట దించింది. “మరి మీ దూడో?”

చచ్చిపోయిందని చెప్పాలనుకుంటూ వచ్చింది మెత్తచెయ్యి. దారి పొడుగునా ఆ మాటే నమిలింది కూడా. తీరా ఆ మొహం చూశాక నిజమే వచ్చింది. “అమ్మేశాం.”

“ఓహో.” తోడికోడలు చేతులు కడుక్కుంది, చాలాసేపు కడుక్కుంది. “నేను మాత్రం పిచ్చిదాన్నక్కా. మీటింగులో నువ్వా మాట అన్నప్పుడు ముందు చప్పట్లు కొట్టింది నేనే. మీ మరిది ఫోన్లో ‘కోడెని తోలెయ్యవే, పాలన్నీ అదే తాగేస్తోంది’ అంటే, ‘అక్క మాట ఇచ్చింది, నేను తప్పను’ అని రెండు రోజులు మాట్లాడలేదు.”

మెత్తచెయ్యి నేల చూసింది. అక్కడ దూడ ఆమె చీర కుచ్చిళ్లు నాకుతోంది.

“వద్దంటే చెప్పమ్మా, వెళ్లిపోతా.”

“వద్దంటే నా పాలు కూడా మామూలు ట్యాంకులోకేగా పోయేది? చెంబు అడిగినట్టు అడిగావు. ఇవ్వకపోతే వీధికి నేను చెడ్డదాన్ని. తోలుకుపో. పొద్దెక్కకముందే తెచ్చెయ్యి.”

పొద్దున్నే ఆయన మంచం మీంచి, “పరాయి దూడని ఆవు దగ్గరికి రానిస్తుందా? కాలు విసిరితే దాని డొక్క పగులుతుంది” అన్నాడు. పశువుల వాళ్లకి తెలిసిన ఉపాయం ఒకటుంది. తల్లి దూడని పోల్చుకునేది కంటితో కాదు, ముక్కుతో. మెత్తచెయ్యి చూరులో దోపిన గోనెసంచి దింపింది. తన దూడ పుట్టినప్పుడు ఒళ్లు తుడిచిన సంచి అది, ఉతకలేదు. నీళ్లు చిలకరించి, ఆ సంచితో తోడికోడలి దూడని తల నుంచి తోక దాకా రుద్దింది. వీపు మీద ఉప్పు రాసింది, ఆవు నాకాలని. తెల్లావు ముందు నిలబెట్టింది.

ఆవు మూతి చాపింది, వాసన చూసింది. ఒక్క క్షణం కదల్లేదు. తర్వాత గొంతు లోపలినుంచి చిన్న ధ్వని చేసింది, తల్లులు మాత్రమే చేసే ధ్వని. నాకడం మొదలుపెట్టింది. చెవులు, కళ్లు, బొడ్డు, ఉప్పు లేని చోట కూడా నాకింది. దూడ పొదుగులో తల దూర్చగానే పాలు ధారకట్టాయి.

ఇన్నేళ్లలో ఎన్ని ఆవుల చేత చేపించిందో ఆమెకి లెక్కలేదు. ఆవుని మోసం చేసి చేపించడం అదే మొదలు. పనిచెయ్యకపోయి ఉంటే బాగుండేది. ఒక్క తన్ను తన్ని ఉంటే, ఉపాయం తప్పిందని ఏడ్చుకుని ఊరుకునేది. పనిచేసింది. అదే ఆమెని కాల్చింది.

కంపెనీవాళ్లు ఆలస్యంగా వచ్చారు, ఎండ గట్టిపడ్డాక. ఒక పొట్టిజుట్టు అమ్మాయి, కెమెరా మోస్తూ ఒక కుర్రాడు, వెనకాల చేతులు నలుపుకుంటూ సూపర్‌వైజరు. ఆ అమ్మాయి మంచిదే, చెడ్డదని రాస్తే పాపం. పేడలో చెప్పులు పడినా మొహం చిట్లించలేదు. ఆవు దూడని నాకుతుంటే కళ్లు చెమర్చాయి.

“అమ్మా, వీటిని ఎప్పుడూ విడదీయరా?”

మెత్తచెయ్యి సూపర్‌వైజరు వైపు చూసింది. అతను ఆకాశం చూస్తున్నాడు.

“తల్లినీ బిడ్డనీ విడదీస్తే పాపం కదమ్మా” అంది.

“అబ్బ, ఈ మాట రికార్డయిందా?” అని ఆ అమ్మాయి కుర్రాణ్ని అడిగింది. “అమ్మా, ఇంకొక్కసారి చెప్తారా, ఆవు మీద చెయ్యి వేసి?”

ఇంకొక్కసారి చెప్పింది.

వాళ్లు వెళ్లేసరికి దూడ కడుపు నిండి తెల్లావు కాళ్ల దగ్గర నిద్రపోతోంది. దాన్ని లేపి, పలుపు వేసి లాగుతుంటే ఆవు తాడు తెంపుకునేంత పని చేసింది. ఆ అరుపు వీధి ఆ చివర దాకా వినపడింది. గుమ్మాల్లో ఆడవాళ్లు నిలబడి చూశారు. ఒక ముసలామె మాత్రం, “మొన్న ఒకటి, ఇవాళ ఒకటి. ఎన్నిసార్లు పోగొడతావే దానికి?” అని తలుపు వేసుకుంది.

తోడికోడలి కొట్టంలో ఎర్రావు పొద్దున్నించీ పొదుగు గట్టిపడి అటూ ఇటూ కాళ్లు మారుస్తోంది. దూడని చూడగానే ఒక అడుగు ముందుకేసింది. మూతి ఆనించి ముక్కు ఎగరేసింది. ఆ ఒంటి నిండా ఇంకో ఆవు నాలుక, ఇంకో దూడ పురిటి వాసన. పొదుగు కోసం పరిగెత్తిన దూడని కొమ్ముతో పక్కకి విసిరింది.

దూడని కడిగారు. ఎర్రావు పాలే దాని ఒంటికి రాశారు. రెండోసారి తన్నింది. మూడోసారి పంపడానికి తోడికోడలు ఒప్పుకోలేదు. దూడ ముందుకాలు ఎత్తి పట్టుకుని వణుకుతోంది.

“నేను పిండి చూస్తానుండు” అని మెత్తచెయ్యి ఎర్రావు పక్కన కూర్చుంది. నుదురు ఆవు డొక్కకి ఆనించి, వీధిలో అందరూ పొగిడే ఆ చేత్తో పొదుగు నిమిరింది. ఆవు పాలు ఎగదీసుకుని రాయిలా నిలబడింది. గిన్నె అడుగు తడవలేదు.

“లే అక్కా” అంది తోడికోడలు. కోపంగా అని ఉంటే బతికిపోయేది. అలిసిపోయినట్టు అంది. “నీ ఇల్లు నిలబెట్టుకున్నావు. నా కొట్టం నేను చూసుకుంటా.”

మర్నాడు కేంద్రంలో తోడికోడలి క్యాను రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. దూడ సీసాపాలు సరిగ్గా పట్టలేదు, విరేచనాలు పట్టుకున్నాయి. ఇక్కడ తెల్లావు అరుపు మానలేదు. ఒక దూడకి తల్లి లేదు, ఒక తల్లికి దూడ లేదు, మధ్యలో రెండు గోడలు.

“ఆ దూడని మనమే తెచ్చుకుంటే పోలా?” అన్నాడు ఆయన.

“తెచ్చుకుంటే మా తోడికోడలికేం మిగుల్తుంది? ఆవు పాలు పోయె, దూడా పోయె.”

“మరేం చేస్తావ్?”

మెత్తచెయ్యి తెల్లావు పలుపు విప్పింది. పొద్దున పూట, వీధంతా పళ్లు తోముకుంటున్న వేళ, ఆవుని నడిపించుకుంటూ బయల్దేరింది. కావాలంటే వెనక సందులోంచి వెళ్లొచ్చు. వెళ్లలేదు. ధైర్యం చూపించడానికి కాదు. దొంగదారిన పోయే ఓపిక అయిపోయింది, అంతే.

“ఏంటి మెత్తచెయ్యీ, ఆవుని కూడా అరువిస్తున్నావా?” అన్నారెవరో. నవ్వులు వినపడ్డాయి. తల తిప్పలేదు.

తోడికోడలు గుమ్మానికి అడ్డం నిలబడింది. “నాకు దానాలొద్దు.”

“దానం కాదే. దూడ పాలు మానేదాకా ఇక్కడే ఉంటుంది. మేత నేనే వేస్తా. దూడ తాగగా మిగిలిన పాలు నీవి.”

“ఎందుకు? నాలుగు రోజులాగితే మర్చిపోతుందిగా ఆవు?”

ఆటో దగ్గర తను అన్న మాట వీధంతటికీ తెలుసన్నమాట. మెత్తచెయ్యి పలుపు చేతికి చుట్టుకుంది. “మర్చిపోదు. నాకు తెలిసే అన్నాను” అంది.

తోడికోడలు పక్కకి జరిగింది. క్షమించి కాదు. లోపల దూడ అరిచింది, అందుకు.

తెల్లావు కొట్టం నిండా చూసి, దూడ దగ్గరికి పోయి నిలబడింది. ఎర్రావు వారం తర్వాత తోడికోడలి చేతికి కొద్దికొద్దిగా ఇవ్వడం మొదలుపెట్టింది. మెత్తచెయ్యి లోపలికొస్తే మాత్రం చెవులు వెనక్కి పెట్టేది. దాంతో ఆమె మేత మోపు గుమ్మం బయటే దించి వెళ్లేది.

ఆ నెల చివర సూపర్‌వైజరు పెద్ద ఫ్లెక్సీ తెచ్చాడు. మనిషెత్తు మెత్తచెయ్యి, తెల్లావు, ఎర్రటి దూడ. కింద పెద్ద అక్షరాలు: తల్లినీ బిడ్డనీ విడదీస్తే పాపం. పచ్చమూత ట్యాంకు పైన గోడకి కట్టించాడు. పాలు పోయడానికి వరుసలో నిలబడ్డ ఆడవాళ్లు దాన్ని చూసి, ఆమెని చూసి, తలలు తిప్పుకున్నారు. ఒక్కరైనా వెక్కిరించలేదు. వెక్కిరిస్తే తేలికయ్యేది. వాళ్ల ఇళ్లలో కూడా ఆటో ఎక్కిన దూడలున్నాయి, అందుకే ఆమె అబద్ధాన్ని ఇంటి గుట్టులా దాస్తున్నారు.

మెత్తచెయ్యి కొట్టంలో ఇక మిగిలింది వట్టిపోతున్న ముసలావు ఒక్కటే, దాని పాలు అర క్యాను. వరుస వచ్చింది. పాలు పరీక్షించే టెస్టరు పచ్చమూత ఎత్తి పట్టుకున్నాడు.

“అందులో కాదు” అంది.

“ఏంటి పిన్నీ?”

“నావి మామూలు పాలు.”

టెస్టరు గోడమీది బొమ్మ చూశాడు. “జోకులెయ్యకు పిన్నీ. బొమ్మలో ఉన్నదే నువ్వు.”

“సార్” అంది మెత్తచెయ్యి సూపర్‌వైజరుతో, కళ్లు క్యాను మీదే పెట్టి. “ఆ దూడ నాది కాదు. నా దూడని అమ్ముకున్నా. దాన్ని వేరే ఇంటినుంచి తెచ్చి నిలబెట్టా.”

సూపర్‌వైజరు నవ్వు మొహం మారలేదు. “అమ్మా, ట్యాంకు మోత, నాకేం వినపడలేదు. పొయ్యండి, లారీకి టైమవుతోంది.”

“వినపడింది. ఆ రోజు కూడా మీకు కనపడింది.” ఆమె గొంతు చిన్నదే, వరుసంతా విన్నది. “కోడెదూడ మూడు నెలలు తాగే పాలకి కంపెనీ ఏమిస్తుందో కనుక్కుని చెప్పండి. అది తేలేదాకా నా మొహం దించెయ్యండి.”

క్యాను మామూలు ట్యాంకులో వొంపేసింది.

వెనకనున్న ఆమె మండిపడింది. “నీ సిగ్గు నీ ఇంట్లో పడేడవక మా నోట్లో మన్ను కొడతావేంటే? తప్పు నీది, శిక్ష మాకా?” ఆమె ఇంట్లో ముగ్గురు పిల్లలు. ఆమె అన్నదాంట్లో అబద్ధం లేదు. ఆమె తన పాలు కసిగా పచ్చమూతలోనే పోసి వెళ్లింది. ఆ తర్వాత మనిషి క్యాను పట్టుకుని చాలాసేపు నిలబడి, ఎవరి వంకా చూడకుండా మామూలు ట్యాంకులో పోసింది. మరొకామె కూడా అలాగే చేసింది. ఇంకో ఇద్దరు పోయకుండానే ఇంటిదారి పట్టారు, మొగుణ్ని అడిగి వస్తామని.

వరుస చివర తోడికోడలు ఉంది. ఆమె పాలు పచ్చమూతలో పడ్డప్పుడు ట్యాంకులో కలియబెట్టే రెక్క ఇంకా గాలిలోనే తిరుగుతోంది, పాలు దాన్ని అందుకోలేదు.

“ఈ కాసిని పాలకి లారీ ఎవరు పంపుతారమ్మా?” అన్నాడు సూపర్‌వైజరు, ఈసారి నిజంగానే దిగులుగా.

“నిజంగా ఉన్నవి ఇవే సార్. మిగతావి ఎప్పుడూ లేవు” అంది తోడికోడలు.

ఖాళీ క్యాను తీసుకుని మెట్లు దిగింది. మెత్తచెయ్యి పక్కనుంచి పోతూ ఆగలేదు, మొహం చూడలేదు. “మేత మోపు రేపటినుంచి లోపలికే తెచ్చి పెట్టు. బయటైతే గేదెలు లాగేస్తున్నాయి” అంది.

మెత్తచెయ్యి తల ఊపింది. తోడికోడలు అప్పటికే మలుపు తిరిగిపోయింది.